బొమ్మల్లేని గోడ కోసం డెల్ఫీకి

ఏథెన్స్ నుంచి డెల్ఫీకి బస్సులో దాదాపు మూడు గంటలు. అరాఖోవా దాటాక ఘాట్ రోడ్డు మలుపులకి మా ఆవిడకి కడుపులో తిప్పడం మొదలైంది. "ఇంతకీ ఆ బొమ్మలు ఎంత పెద్దవండీ?" అంది. అవి లేవన్న సంగతి అప్పటిదాకా చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు.

పాత గ్రీకుల అపోలో దేవుడి గుడి ఉన్న ఆ డెల్ఫీకి నేను బయల్దేరింది పాలిగ్నోటస్ కోసం. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు చిత్రకారుడు, ఊరు థాసోస్ దీవి. ఏథెన్స్‌లోని రంగుల మంటపం, స్టోవా పొయికిలేలో బొమ్మలు వేసి పైసా పుచ్చుకోలేదట. అక్కడ వేసిన ట్రాయ్ నగరపు స్త్రీలలో ఒకరికి ఏథెన్స్ నాయకుడు కీమోన్ చెల్లెలి ముఖం పెట్టాడని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. పాలిగ్నోటస్‌కీ ఆవిడకీ మధ్య ఏదో ఉందని అప్పట్లోనే చెవులు కొరుక్కున్నారు. ముందురోజు ఆ మంటపాన్నీ చూశాం. మొనాస్టిరాకి దగ్గర, రైలు పట్టాల అవతల ఒక పెద్ద గొయ్యి, అందులో నాలుగు మెట్లు. అంతే.

డెల్ఫీలో అందరూ అపోలో గుడి స్తంభాల దగ్గరే ఆగి ఫొటోలు దిగుతున్నారు. మేం ఎండలో ఇంకా పైకెక్కాం. థియేటర్‌కి తూర్పున, గుడి ఆవరణ పైఅంచులో ఉంది క్నిడోస్ అనే గ్రీకు నగరం వాళ్ళ లెస్కే. లెస్కే అంటే నలుగురూ కూర్చుని కబుర్లాడుకునే చోటు. మన రచ్చబండే, కాకపోతే దీనికి గోడలూ కప్పూ ఉండేవి. ఆ గోడల మీదే పాలిగ్నోటస్ బొమ్మలు వేశాడు. ఇప్పుడు పునాది రాళ్ళూ గడ్డీ మిగిలాయి.

"ఏవండీ, ఇదేనా?"

"ఇదే."

ఒక రాయి నీడన కూర్చుని ఫోన్‌లో పౌసానియస్ రాసిన పుస్తకం తెరిచాను. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో వచ్చిన ఆ యాత్రికుడు ఈ గోడలని ఒక్కొక్క మనిషి పేరుతో సహా రాసిపెట్టాడు. అప్పటికే అవి ఆరువందల ఏళ్ళ నాటివి. లోపలికి వెళ్తే కుడివైపు గ్రీకుల చేతిలో ట్రాయ్ పతనం. అందులో ఇంకా చంపుతున్నది గ్రీకు వీరుడు అకిలీస్ కొడుకు నియోప్టాలెమస్ ఒక్కడే. గ్రీకు రాజు మెనెలాస్ ఓడ ప్రయాణానికి సిద్ధమవుతోంది. ఎవరి కోసం ఆ యుద్ధం జరిగిందో ఆ హెలెన్, అతని భార్య, కూర్చుని ఉంది. పాలిగ్నోటస్ ఊరు కాలుతున్న రాత్రిని వదిలేసి, తెల్లారాక మిగిలినవాళ్ళ ముఖాలు వేశాడన్నమాట. నాకు అక్కడే దణ్ణం పెట్టాలనిపించింది.

ఎడమవైపు యమలోకం. ఆ యుద్ధంలోని గ్రీకు వీరుడు ఒడిస్సియస్ బతికుండగానే అక్కడికి దిగి వస్తాడు. తండ్రిని బాధపెట్టిన కొడుకు గొంతుని ఆ తండ్రే పిసుకుతున్నాడు. గుడి దోచినవాడికీ శిక్ష పడుతోంది. చిన్నప్పుడు తిరునాళ్ళలో చూసిన నరకం పటాలు గుర్తొచ్చాయి. యూరినోమస్ అనే దయ్యం మాత్రం మన పటాల్లో లేడు. మాంసం మీద వాలే ఈగల రంగు, నలుపుకీ నీలానికీ మధ్య. పళ్ళు బయటపెట్టి, రాబందు చర్మం మీద కూర్చున్నాడు. ముఖాల్లో నోరు తెరిపించి పళ్ళు చూపించిన మొదటి చిత్రకారుడు పాలిగ్నోటసే అని రోమన్ రచయిత ప్లినీ అంటాడు. మనుషులందరినీ ఒకే గీత మీద వరసగా నిలబెట్టకుండా పైనా కిందా వేసింది కూడా ఇతనే. పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని ఒక పాత్ర మీద బొమ్మలు అలాగే ఉంటాయి. ఈ గోడలు ఎలా ఉండేవో ఊహించుకోవడానికి పండితులు దాన్నే చూపిస్తారు.

మా ఆవిడ నీళ్ళసీసా ఖాళీ చేసి, "నాకూ ఒకటి చదవండి" అంది. ఆ యమలోకం గోడ మీది ఓక్నస్ సంగతి చదివాను. పాతాళంలో కూర్చుని తాడు పేనుతుంటాడు. పక్కన ఒక ఆడగాడిద ఉంటుంది, పేనినంత మేరా నమిలేస్తుంటుంది. ఓక్నస్ కష్టపడి సంపాదించేవాడనీ, పెళ్ళాం దుబారా మనిషనీ జనం పౌసానియస్‌కి చెప్పారట.

కాసేపు ఆ రాళ్ళకేసి చూసింది.

"ఆవిడ ఏం కొందో కూడా రాశాడా?"

రాయలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, మ్యూజియం మూసేలోపు కిందికి దిగాం.