ఒకే మాట రెండుసార్లు

పొద్దున లేవగానే నా వేళ్లు ముడుచుకోవు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. రాత్రంతా కదలకుండా ఉన్న కీళ్లు బిగుసుకుపోతాయి. అవి వదులవడానికి గంట పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈ జబ్బులో నన్ను అన్నిటికంటే కుంగదీసింది ఆ గంటే. చేతులు పని చేయవు, మనసు మాత్రం తెగ పని చేస్తుంది. నాకే ఎందుకిలా అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, ఎవరెవరు ఫోన్ చేయలేదో, ఎవరు చూసీ చూడనట్టు వెళ్లిపోయారో, అన్నీ వరసగా గుర్తు చేస్తుంది.

జబ్బు రాకముందు నేను మా చర్చి సంఘంలో కీబోర్డు వాయించేదాన్ని. ఎవరైనా పాట ఎత్తుకుంటే శ్రుతి వెతుక్కోకుండా చెయ్యి దానంతట అదే వెళ్లిపోయేది. నా ప్రార్థన సగం ఆ వేళ్లలోనే ఉండేది. వేళ్లు వాచి, మణికట్లు పట్టేశాక ఒక అబ్బాయి నా చోట కూర్చున్నాడు. బాగా వాయిస్తాడు. ఆరాధన అయ్యాక అందరూ అతన్ని మెచ్చుకుంటుంటే నేను బ్యాగ్ సర్దుకుంటున్నట్టు తల వంచుకునేదాన్ని. దేవుడి కోసం వాడిన చేతులనే దేవుడు ఇలా చేశాడేమిటన్న బాధ నొప్పిని మించిపోయింది. ఇంట్లో నా అమ్మాయి నా జాకెట్టు గుండీలు పెట్టి, జడ వేసేది. అంత ప్రేమగా చేస్తున్నా నాకు కనిపించింది ఒక్కటే, నా చేతకానితనం.

ఇలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాటలు రెండు రకాలు. ఒకటి, విశ్వాసం తక్కువైంది కాబట్టే స్వస్థత రాలేదని. ఈ మాట నాకు మొహం మీదే చెప్పారు. నేను దాన్ని ఒప్పుకోను. బైబిల్లో అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా బాధపెట్టేదాన్ని తీసేయమని దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. 'నా కృప నీకు చాలును' అన్న జవాబే వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా? రెండోది, నీకంటే ఎక్కువ కష్టాల్లో ఉన్నవాళ్లను చూడమని. జోనీ ఎరెక్సన్ టాడా సాక్ష్యం నాకు అలాగే వినిపించారు. ఆమె 1967లో, పదిహేడేళ్ల వయసులో నీళ్లలోకి డైవ్ చేసి మెడ విరిగి, కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయి కూడా నోటితో కుంచె పట్టి బొమ్మలు వేశారు. ఎంత గొప్ప సాక్ష్యం! కానీ అప్పటి నా స్థితిలో అది నన్ను లేపలేదు. ఆవిడ అంత చేస్తే నేను ఇంత కూడా చేయలేకపోతున్నానని ఇంకో నింద తోడైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఈ జబ్బుతో ఉన్నవాళ్లు దాదాపు 1.8 కోట్ల మంది, వాళ్లలో సుమారు 70 శాతం స్త్రీలు. అదీ చదివాను. అంతమందిలో నేనూ ఒకదాన్నని తెలిసినా, పొద్దున ఆ గంటలో నేను ఒంటరిదాన్నే.

ఆ రోజుల్లోనే బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదివాను. ఏలీయా ప్రవక్త కథ చిన్నప్పటి నుంచి విన్నదే. కర్మెలు కొండ మీద ఏలీయా ప్రార్థనకు ఆకాశం నుంచి అగ్ని దిగింది, బయలు అనే వేరే దేవుణ్ని కొలిచే ప్రవక్తలు 450 మంది ఓడిపోయారు. ఆ తర్వాత రాణి యెజెబెలు బెదిరింపుకు ఆ మనిషే పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని 'ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము' అంటాడు. దేవుడు అతన్ని మందలించడు. నిద్రపోనిస్తాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇస్తాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెడతాడు, ప్రయాణం నీ శక్తికి మించినది అంటూ. కృంగినవాడికి ముందు నిద్ర, తిండి. ప్రసంగం లేదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, కీళ్ల జబ్బు ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తుంది. అది కేవలం మనసు పెట్టే మారాం కాదు. నేనూ దాని గురించి డాక్టర్‌తో మాట్లాడాను. ప్రార్థన చేసుకుంటూనే వైద్యం తీసుకోవడంలో నాకు ఏ విరోధమూ కనిపించలేదు.

కానీ నన్ను పట్టి ఆపింది ఆ తర్వాతి భాగం. హోరేబు కొండ గుహలో దేవుడు అడుగుతాడు: ఏలీయా, ఇక్కడ నువ్వేం చేస్తున్నావు? ఏలీయా జవాబు చెబుతాడు. నేను దేవుడి కోసం మహా రోషంతో ఉన్నాను, ప్రజలు నిబంధన విడిచిపెట్టారు, ప్రవక్తలను చంపారు, నేను ఒక్కణ్నే మిగిలాను, నా ప్రాణం కూడా తీయాలని చూస్తున్నారు అని. తర్వాత గాలి, భూకంపం, అగ్ని, మెల్లని స్వరం. మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే జవాబు. పదో వచనం, పద్నాలుగో వచనం పక్కపక్కన పెట్టి చూడండి. అంత అద్భుతం కళ్ల ముందు జరిగాక కూడా ఏలీయా తన మాట మార్చలేదు.

నేను బైబిల్ మూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. నా దగ్గరా అలాంటి జవాబు ఒకటి ఉంది. ఎవరు ఎలా ఉన్నావని అడిగినా అదే చెప్పేదాన్ని, అదే వరసలో, ఒకే చోట గొంతు జీరబోతూ. అందులో అబద్ధం ఏమీ లేదు. ఏలీయా చెప్పిందీ చాలావరకు నిజమే. అయితే 'నేను ఒక్కణ్నే' అన్నది మాత్రం నిజం కాదు. బయలుకు మోకరించనివాళ్లు ఇశ్రాయేలులో ఏడు వేలమంది ఉన్నారని దేవుడు చెబుతాడు. ఆ లెక్క మాత్రమే చెప్పి ఊరుకుంటే, నేను చదివిన 1.8 కోట్లలాగే అది కూడా ఏలీయాను తాకకుండా పోయేదేమో. దేవుడు ఆ లెక్క కంటే ముందే ఒక పేరు చెబుతాడు. షాపాతు కొడుకు ఎలీషా దగ్గరికి వెళ్లి, అతన్ని నీకు బదులు ప్రవక్తగా అభిషేకించమంటాడు. ఏలీయాకు దొరికిన ఓదార్పు, వెళ్లి కలవాల్సిన ఒక మనిషి. ఆ మనిషి అతని స్థానం తీసుకోబోయేవాడు! ఇది చదివినప్పుడు కీబోర్డు దగ్గర కూర్చున్న ఆ అబ్బాయి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

వెంటనే ఏమీ మారలేదు. ఆ అబ్బాయితో మాట్లాడటానికి నాకు చాలాకాలం పట్టింది. ఒక ఆరాధన తర్వాత వెళ్లి, నిదానమైన పాటల్లో ఎడమ చెయ్యి తగ్గిస్తే పాడేవాళ్లకు ఊపిరి దొరుకుతుందని చెప్పాను. అతను సంతోషపడి, ఇంకేమైనా ఉంటే చెప్పమ్మా అన్నాడు. ఇప్పుడు కొత్త పాట నేర్చుకునేటప్పుడు రికార్డు చేసి నాకు పంపిస్తాడు. నేను విని చెబుతాను. వాయించలేని బాధ పోలేదు. కొన్ని పాటలకు ఇప్పటికీ నా వేళ్లు ఒళ్లో కదులుతాయి. కానీ అతను వాయిస్తుంటే నేను తల వంచుకోవడం లేదు.

ఈ మధ్యలోనే మా సంఘంలోని ఒక పెద్దావిడ, మంచం మీదున్న కొందరి ఫోన్ నంబర్లు నాకిచ్చి, వాళ్లతో ప్రార్థన చేయమన్నారు. ఫోన్ పట్టుకోవడం కష్టమంటే, స్పీకర్‌లో పెట్టుకోమన్నారు. అంతే, ఇంకే సలహా ఇవ్వలేదు. ఆ ఫోన్లలో ఒకామె ప్రతిసారీ తన కథ మొదటి నుంచి చివరిదాకా మార్చకుండా చెబుతుంది. నాకు విసుగు రాదు. ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. ఆమె చెప్పినదంతా ఆమెతో కలిసి దేవుడికే చెబుతాను. ఎనభై ఎనిమిదో కీర్తన చివరిదాకా చీకటిలోనే నడుస్తుంది, చీకటి అన్న మాట మీదే ముగుస్తుంది. అయినా దాన్ని బైబిల్లో ఉండనిచ్చారు. అందులో ప్రతి మాటా దేవుడి మొహం మీద చెప్పిందే. పొద్దున ఆ గంటలో నేను చెప్పుకునేవన్నీ నాకు నేనే చెప్పుకునేవి. ఇప్పుడు అవే మాటలు గట్టిగా, ప్రభువా అని పిలిచి చెబుతున్నాను. అలా చెబుతున్నప్పుడు కొన్ని ఫిర్యాదులు మధ్యలోనే ఆగిపోతాయి, కొన్ని ఆగవు.

నా జబ్బు తగ్గలేదు. వారానికి ఒకసారి ఈ జబ్బుకు ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు వేసుకుంటాను, డాక్టర్ చెప్పిన రోజున ఫోలిక్ యాసిడ్. రక్తపరీక్షలు మానను. విశ్వాసం పేరుతో ఈ మందులు ఆపేయమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. అలా ఆపినప్పుడు కీళ్లకు జరిగే నష్టం మళ్లీ సరికాదు. వాపు ఎక్కువైన రోజుల్లో ఇప్పటికీ ఏడుస్తాను. మొన్న అలా ఏడుస్తుంటే అమ్మాయి జడ వేస్తూ, ఈ రోజు ఎవరికి ఫోన్ చేయాలమ్మా అని అడిగింది. పేరు చెప్పాను. నంబర్ తనే కలిపి, స్పీకర్ ఆన్ చేసి, జడ పూర్తయ్యేదాకా మాతో పాటు కూర్చుంది.