జిరాక్సు అడిగితే కాపీరైట్ అంటారు

చెన్నైలో తెలుగు మీద రీసెర్చ్ చేస్తున్న పిల్లల్ని ఎవర్ని కదిలించినా ఒకటే ఏడుపు. పుస్తకం లైబ్రరీలో ఉంది, చూడనిస్తారు, కాపీ మాత్రం తీసుకోనివ్వరు. మొన్న మా అక్క కూతురికీ ఇదే అయింది (ఏ లైబ్రరీ అన్నది ఎందుకులెండి). ఎప్పుడో అరవైల్లో ఒక్కసారి అచ్చయిన పుస్తకం, బజార్లో ఎక్కడా దొరకదు. రెండు పేజీలు ఫోన్‌తో ఫొటో తీసుకుంటానంటే "కాపీరైట్ ప్రాబ్లమ్ మా" అని ఆపేశారట. కాగితం పెళుసుగా ఉంది, పాడవుతుంది అంటే సరే అనుకునేవాళ్లం.

1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉన్నదే ఏది ఉల్లంఘన కాదో చెప్పడానికి. సొంత చదువుకీ, రీసెర్చ్‌కీ సబబైన మేరకు కాపీ చేసుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది, దాని ఊసే ఎవరూ ఎత్తరు: పుస్తకం దేశంలో ఎక్కడా అమ్మకానికి లేకపోతే, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన వాడకం కోసం మూడు కాపీల దాకా తీయించుకోవచ్చు, లైబ్రేరియన్ మాట చాలు, రచయిత వారసుల్ని వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. 2012 సవరణ తర్వాత, అచ్చు ప్రతి తన దగ్గరుంటే భద్రపరచడానికి స్కాన్ చేసి దాచుకోవచ్చు కూడా. నెట్‌లో పెట్టేయొచ్చని కాదు, అది వేరే గొడవ.

ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్సు షాపు కేసు గుర్తుందా? పుస్తకాల్లోంచి భాగాలు తీసి కోర్స్ ప్యాకులు కట్టి అమ్ముతున్నారని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో కోర్టుకెక్కాయి. పాఠం చెప్పడంలో భాగంగా తీసే కాపీలకు చట్టంలోనే మినహాయింపు ఉందని 2016లో హైకోర్టు చెప్పింది, మరుసటి ఏడాది వాళ్లే కేసు వెనక్కి తీసుకున్నారు. అంత పెద్ద కంపెనీలే తగ్గాక, వారసులెవరో కూడా తెలియని తెలుగు పుస్తకం కోసం ఎవరొచ్చి దావా వేస్తారట?

అసలు చిక్కంతా కాపీరైట్ గడువుతోనే. రచయిత పోయాక 60 ఏళ్లు. ముందు 50 ఉండేది, టాగోర్ రచనల గడువు తీరిపోతోందని 1992లో పెంచారు, ఆ దెబ్బకి మనవాళ్లందరూ ఇంకో పదేళ్లు ఇరుక్కున్నారు. గోపీచంద్ 1962లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయినవి 2023 జనవరి నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీకి 2044 దాకా ఆగాలి. శ్రీశ్రీకి వచ్చిన లోటేం లేదు, ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు, ఒక్క ముద్రణతో ఆగిపోయిన చిన్న రచయితల పుస్తకాల్నే గడువు తీరేలోపు చెదలు తినేస్తాయి.

మా పిల్లకి చెప్పాను, ఈసారి నోటిమాటగా అడగొద్దని. ఆ పుస్తకానికి ఒక కాపీ తీయించి లైబ్రరీలోనే పెట్టండి, నాకు కావాల్సిన పేజీలు అందులోంచి తీసుకుంటానని లైబ్రేరియన్ పేర అర్జీ, సెక్షన్ నంబరుతో సహా, ఇంగ్లీషులో. కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీద రాసిమ్మను.