బూజు కాలనీ వెడల్పు చూసి మోసపోకండి

వేరుశనగలో కాండం కుళ్ళు తెచ్చే స్క్లెరోషియం రోల్ఫ్సి అనే బూజుని పోషకాలేమీ కలపని ఉత్త నీళ్ల అగార్ (బూజు పెంచే జెల్లీ) మీద వేసినా సాలెగూడులా పలచగా పాకుతూ పోతుంది. వెడల్పు ఉంటుంది, ఒళ్లుండదు. తిండి దొరక్క వెతుక్కుంటోందన్నమాట. అందుకే ఏ పోషకం మేలో తేల్చాలంటే స్కేలు ఒక్కటే చాలదు, ఎండు బరువు కూడా తూచాలి. 250 మి.లీ. ఫ్లాస్కులో 50 మి.లీ. ద్రవ మాధ్యమం (పోషకాలు కలిపిన నీళ్లు) పోసి, కాలనీ అంచు నుంచి (నడి భాగం ముసలిది, వద్దు) తీసిన 5 మి.మీ. ముక్క వెయ్యండి. వారం తర్వాత, ముందే తూచి పెట్టుకున్న ఫిల్టర్ పేపర్‌తో వడగట్టి, బరువు ఇక తగ్గదనేదాకా 60 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి.

చక్కెరలు మార్చేటప్పుడు గ్రాముకు గ్రాము వేస్తే లెక్క తప్పుతుంది. సమానంగా ఉండాల్సింది కార్బన్. లీటరుకు 30 గ్రాముల సుక్రోజ్ ఉన్న చోట గ్లూకోజ్ 31.6 గ్రాములు పడుతుంది. నత్రజనికీ అంతే: 3 గ్రాముల సోడియం నైట్రేట్ బదులు 2.33 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్.

అసలు తంటా అమ్మోనియంతోనే. బూజు దాన్ని పీల్చుకునే కొద్దీ మాధ్యమం పుల్లబడుతుంది. పైగా ఈ బూజు తనంతట తానే ఆక్సాలిక్ ఆమ్లం వదులుతుంది. పెరుగుదల తగ్గితే నేరం నత్రజనిదో, పీహెచ్‌దో (ద్రవం పులుపు కొలత) తెలియదు. వడగట్టిన ద్రవం పీహెచ్ చూడకుండా పారబోశారా, ఆ ప్రయోగం మళ్లీ చెయ్యాల్సిందే.

పీహెచ్ ప్రభావమే చూడాలనుకుంటే, 4కి తగ్గించిన అగార్‌ను ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే పాత్ర) పెట్టకండి. గడ్డకట్టే గుణం పోయి జావలా మిగులుతుంది. ముందు 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు శుద్ధి చేసి, 50 డిగ్రీలకు చల్లారాక శుద్ధమైన ఆమ్లం కలపండి. ఎంత కలపాలో ఇంకో సీసాలో ముందే తేల్చుకోవాలి.

వేడి సంగతి తేలికే. 25–30 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది, 15 లోపు నత్తనడక, 40 దాటితే దాదాపు ఆగిపోతుంది. ఇంక్యుబేటర్ డయల్‌ని మాత్రం నమ్మకండి, ప్లేట్ల పక్కనే థర్మామీటరు ఉంచండి. 28 డిగ్రీల దగ్గర బంగాళాదుంప అగార్ మీద 90 మి.మీ. ప్లేటు మూడు నాలుగు రోజుల్లో నిండిపోతుంది కాబట్టి వ్యాసాన్ని 48 గంటలకే కొలవాలి. అంచు తాకాక అన్ని ప్లేట్లూ ఒకటే కొలత చూపిస్తాయి.

నిండిన ప్లేట్లు అప్పుడే పారెయ్యకండి. తెల్లగా పుట్టే స్క్లెరోషియా (బూజు పోగులు ముద్దకట్టిన గట్టి గింజలు) ఆవగింజల్లా గోధుమరంగుకు తిరిగాక లెక్కపెట్టాలి.