టెండరు ఎందుకు వేయలేదని అడిగారు

పోయిన నెల కౌంటీ (అమెరికాలో జిల్లా లాంటిది) కొనుగోళ్ల విభాగం నుంచి మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. డాలస్ దగ్గర ఆస్పత్రి ఫర్నిచర్ సప్లై చేసే చిన్న కంపెనీ మాది, టెండర్ల పని నేను చూస్తాను. మంచాలకు టెండరు పిలిస్తే కాగితాలు తీసుకుని కూడా మేం ధర వేయలేదు. "ఎందుకు వేయలేదు? మా షరతుల్లో ఏదైనా మీకు అడ్డొచ్చిందా?" అని అడిగింది ఫోన్ చేసినావిడ.

నాకు ముందు టెన్షన్ వచ్చింది. గవర్నమెంటు ఆఫీసు వాళ్లు ఫోన్ చేస్తే ఏదో కొంప మునిగిందనేగా మన లెక్క! ఆవిడ బాధ వేరు. ఒక్కరే టెండరు వేశారట, పక్కన ఇంకో ధర లేకపోతే అది న్యాయమైనదో కాదో ఎలా తేల్చుకోవాలి అంటోంది. సరుకంతా ఒకే విడతలో పది రోజుల్లో దించాలంటే మాలాంటి చిన్నవాళ్ల వల్ల కాదని చెప్పాను. రాసుకుంది.

అప్పటి నుంచీ విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయ్ షెడ్డే కళ్ల ముందు మెదులుతోంది. ఇనప మంచాలు, స్కూలు బెంచీలు చేస్తాడు. వెల్డింగ్ అతుకును గ్రైండర్‌తో సాపు చేయించి, బొటనవేలితో తడిమి చూసుకుంటే గానీ పెయింటుకు పంపడు. అలాంటి మనిషి గవర్నమెంటు టెండర్ల జోలికి పోవడం ఎప్పుడో మానేశాడు. టెండరు కవర్లు ఆఫీసుకెళ్లి పెట్టెలో వేసే రోజుల్లో గేటు దగ్గరే మనుషులుండేవాళ్లట. చేతిలో కవరు కనబడితే భుజం మీద చెయ్యేసి, "ఈసారికి వదిలెయ్యండి, వచ్చేసారి మీకే" అనేవాళ్లట.

అమెరికావాళ్లు గొప్ప, మనవాళ్లు దొంగలు అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకే కంపెనీకి సరిపోయేలా స్పెసిఫికేషన్లు రాసేవాళ్లు ఇక్కడా ఉన్నారు. మన ఉమ్మడి రాష్ట్రం 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. టెండరు కంప్యూటర్లో వేయొచ్చు కాబట్టి గేటు దగ్గర కాపలాకు అర్థం లేకుండా పోయింది. 2016లో ప్రభుత్వ శాఖలు ఆన్‌లైన్‌లో సరుకులు కొనే జెమ్ పోర్టల్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ శాఖలు ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొనాలన్న విధానమూ ఉంది. ఇవి చిన్న పనులు కావు.

అయినా మా బాబాయ్ టెండరు వేయడం లేదు. నన్ను తొలిచేస్తున్నది అదే. ఒక్క టెండరే వస్తే మనవాళ్లు చాలాసార్లు మళ్లీ పిలుస్తారు, అవే షరతులతో. రానివాళ్లు ఎందుకు రాలేదో కనుక్కోవడం ఎవరి డ్యూటీ? ఇక్కడ 1984లో చేసిన చట్టం ప్రకారం ఫెడరల్ శాఖల్లో పోటీని పెంచడానికే ఒక అధికారి ఉండాలి. మనకు టెండరు వేసేముందు సందేహాలు అడిగే ప్రీ-బిడ్ మీటింగులున్నాయి, నిజమే. కానీ అక్కడికి వెళ్లేది ఎటూ టెండరు వేయబోయేవాళ్లే గదా. ఆశ వదులుకుని షెడ్డులో కూర్చున్నవాడి దగ్గరికి ఎవరు వెళ్లాలి?

ఆదివారం ఫోన్‌లో బాబాయ్‌ని నేనే అడిగాను, ఎందుకు వేయవని.

"ఎవరూ అడగలేదు గానీ, అడిగితే చెప్పనా అమ్మా? మూడేళ్ల టర్నోవర్ కోటి చూపించమంటారు. యాభై మంచాలకు కోటి టర్నోవర్ ఎందుకు? ఈఎండీ అని టెండరుతో పాటు డిపాజిట్ కడితే ఆ డబ్బు ఇరుక్కుపోద్ది. పని దక్కినా బిల్లు ఎప్పుడొస్తుందో తెలియకుండా కుర్రాళ్లకు జీతాలు ఎట్టా ఇయ్యను? బిల్లుకు ఫలానా తేదీ అని చెప్పమను, రేపే రేటు వేస్తా."