హన్మకొండ నుంచి రామప్ప దాకా, ఒక డబ్బా సకినాలతో

సంక్రాంతికి వారం ముందు, మంగళవారం పొద్దున ఆరున్నరకు హన్మకొండ బస్టాండ్‌లో ములుగు బస్సెక్కాం. నలుగురం, రెండు బ్యాగులు, ఒక స్టీలు డబ్బా. మంగళవారమే ఎందుకంటే ఆదివారం రామప్ప గుడికి పిక్నిక్ జనం ఎక్కువ, సోమవారం శివుడి దర్శనానికి వచ్చేవాళ్లు ఎక్కువ. శిల్పాల ముందు తీరిగ్గా నిలబడాలంటే ఈ రెండు రోజులూ వదిలేయాలి.

మాలో ఇద్దరు ఆడపిల్లలు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అలాగని ఊరికే కూర్చుంటే కుదరదు, ఆధార్ కార్డు చూపించి కండక్టర్ దగ్గర జీరో టికెట్ తీసుకోవాలి. కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలి. పక్క రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ చదువుకునేవాళ్లకు ఇది వర్తించదు. సూపర్ లగ్జరీకీ వర్తించదు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోని కండక్టర్లు ఉంటారు కాబట్టి అసలు కార్డే వెంట ఉంచుకోవడం మంచిది.

ఇక డబ్బా సంగతి. మా స్నేహితురాలి ఇంట్లో ముందురోజే సకినాలు చుట్టారు. బియ్యప్పిండిని గుండ్రంగా చుట్టి నూనెలో వేయించే పిండివంట ఇది, తెలంగాణలో సంక్రాంతి అంటే సకినాలే. ప్రయాణానికి ఇంతకంటే మంచి తిండి నాకు తెలియదు. సరిగ్గా వేగిన సకినం పదిహేను రోజులైనా చెడదు, చేతికి జిడ్డు అంటదు, నాలుగు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. కానీ బ్యాగులో పడేస్తే బస్సు దిగేలోపే పొడి అవుతుంది. కవరులో అసలు పెట్టొద్దు. డబ్బా అడుగున మడతపెట్టిన పేపరు వేసి, సకినాలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చాలి. పైన మిగిలిన ఖాళీలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. డబ్బాలో కదిలే చోటుంటేనే సకినం విరుగుతుంది. వేడి పూర్తిగా తగ్గాకే మూత పెట్టాలి, లేకపోతే లోపల ఆవిరి పట్టి మెత్తబడతాయి.

చుట్టేటప్పుడు దగ్గర కూర్చుని చూశాం కాబట్టి ఆ లెక్కా చెప్తాను. కిలో బియ్యానికి నూట యాభై నుంచి రెండు వందల గ్రాముల నువ్వులు, రెండు చెంచాల వాము, సరిపడా ఉప్పు. అంతే, కారం పడదు. బియ్యం రాత్రంతా నానాలి. పొద్దున నీళ్లు వంచి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టి, ఇంకా తడి ఉండగానే గిర్నికి, అంటే పిండి మరకు, తీసుకెళ్లాలి. పొడి పిండితో సకినం రాదు, వేళ్ల మధ్యనే తెగిపోతుంది. కొత్త బియ్యమైతే జిగురు ఉంటుంది కాబట్టి చుట్టడం తేలిక. పిండి పట్టించాక ఆ పూటే చుట్టేయాలి, ఉంచితే పులుస్తుంది.

పిండిని కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ కలుపుతారు. చిన్న ముద్దను బొటనవేలు, చూపుడువేలు మధ్య తిప్పుతూ వదిలితే మెలిక తిరిగిన దారంలా తెగకుండా రావాలి. అలా పాత చీర మీద చిన్న సున్నా దగ్గర మొదలుపెట్టి మూడు నాలుగు చుట్లు తిప్పుతారు. చుట్టగానే నూనెలో వేస్తే చేతిలోనే విరిగిపోతుంది. అరగంట ఆగితే అదనపు తడిని గుడ్డ పీల్చుకుంటుంది, అప్పుడు పళ్లెంతో ఎత్తితే మొత్తంగా లేస్తుంది. పిండిలో నీళ్లు ఎక్కువైతే నూనె తాగుతుంది. మంట మరీ పెద్దదైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, అలాంటిది మర్నాటికే సాగుతుంది. విరిగితే మూడు ముక్కలై టక్కున విరగాలి, సాగకూడదు. పరీక్ష ఇదొక్కటే.

బస్సు ఆత్మకూరు, గూడెప్పాడు, మల్లంపల్లి మీదుగా పోతుంది. ములుగు ముందు గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్లు ముందు ఇక్కడ మొక్కి కదులుతారు. మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, మాఘమాసంలో. జాతర ఉన్న ఏడాది ఆ రోజుల్లో ఈ దారిలో రామప్ప ప్రయాణం పెట్టుకోవద్దు, బస్సులో కాలు పెట్టే సందు దొరకదు. అక్కడ అమ్మవార్లకు ఇచ్చేది బెల్లం, దాన్ని బంగారం అంటారు. మనిషి ఎత్తు తూకం బెల్లం సమర్పిస్తే అది నిలువెత్తు బంగారం. ప్రసాదంగా ఆ బంగారం ముక్క దొరికితే సకినంతో కలిపి తిని చూడండి, నువ్వుకూ బెల్లానికీ ఉన్న చుట్టరికం నోటికి తెలుస్తుంది.

ములుగులో దిగి చాయ్ తాగాం. బజ్జీలు తినాలనుకుంటే బండి కాదు, మూకుడు చూసి ఎంచుకోవాలి. నూనె నల్లబడి, పైన నురగ తగ్గకుండా ఉందంటే అది నిన్నటి నూనె. తక్కువ తక్కువగా వేస్తూ, అవి అయిపోయాక మళ్లీ వేసే బండి దగ్గర నిలబడాలి. పళ్లెంలో గుట్టపోసినవి వద్దు.

దీనికంటే మంచి కొనుగోలు ఉడకబెట్టిన కందికాయలు. ఈ నెలలోనే దొరుకుతాయి. గంప ముందు కూర్చున్న అక్క దగ్గర డబ్బా లెక్కన కొన్నాం. గింజలు ఉబ్బి కాయ మీద గుండ్రంగా కనబడాలి. ముట్టుకుంటే జారినట్టు ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా అవి నిన్నటివి. కాయ కొసను పట్టుకుని పళ్ల మధ్య లాగితే గింజలు నోట్లో పడతాయి, తొక్క చేతిలో ఉంటుంది. ఉప్పు తొక్కలో ఉంటుంది కాబట్టి ముందే ఒలుచుకుంటే రుచి పోతుంది. తొక్కలు వేసుకోవడానికి ఒక ఖాళీ కవరు పెట్టుకోండి, బస్సు కిటికీలోంచి విసరొద్దు.

ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర దిగి, వెంకటాపూర్ మీదుగా రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఆటో పట్టాలి. నేరుగా పోయే బస్సు రోజూ సమయానికి కుదరదు. షేర్ ఆటో నిండేదాకా కదలదు, పొద్దున తొందరగానే నిండుతుంది. తిరుగు ఆటో ఎన్నింటి దాకా దొరుకుతుందో దిగేటప్పుడే డ్రైవరన్నను అడిగి పెట్టుకోవాలి. మధ్యాహ్నం తర్వాత పలచబడతాయి.

రామప్ప గుడిని 1213లో కట్టించింది రేచర్ల రుద్రుడు, గణపతిదేవుని సేనాని. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పొద్దున పదిలోపు వెళ్లాలి, రెండు కారణాలున్నాయి. ఒకటి, చెప్పులు బయట వదలాలి, ఎండెక్కితే రాయి కాలుతుంది. రెండోది వెలుగు. గుడి ఎర్ర ఇసుకరాయి, చూరు కింద నిలబడ్డ మదనికలు, అంటే స్త్రీమూర్తుల శిల్పాలు, నల్లరాయి. పడమటి ఎండలో ఎర్రరాయి బాగుంటుంది గాని, నల్లరాతి మీద నగల వరుసలు కనబడాలంటే పొద్దుటి ఏటవాలు వెలుగు కావాలి. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న స్త్రీమూర్తి దగ్గర అందరూ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. కాసేపు ఆగి ఆ మెడలోని హారం చూడండి. రాతిలో గీసిన గీత కాదది, ఒంటి నుంచి విడివడి వేలాడినట్టు చెక్కారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీటి మీద తేలేంత తేలిక. పునాదిలో ఇసుక నింపిన పద్ధతి ఉంది. గర్భగుడి వాకిలి పక్కన వేణుగోపాలుని చెక్కిన చోట రాతిని తడితే స్వరాలు పలుకుతాయని చెప్తారు. చెప్పింది వినండి, మీరు తట్టొద్దు. ఎనిమిది వందల ఏళ్ల రాయి అది.

చెరువు గుడికి దగ్గరే. మధ్యాహ్నం గట్టు మీద తిన్నది బొబ్బర్ల గుడాలు. రాత్రి నానబెట్టిన బొబ్బర్లు, ఉప్పు వేసి కుక్కర్‌లో రెండు విజిల్స్, ఇంకోటి వస్తే ముద్దవుతాయి. నీళ్లు పూర్తిగా వంచి, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ, కరివేపాకు తాలింపు. ఉల్లిగడ్డ ముక్కలు మాత్రం ఇంట్లో కలపొద్దు. పచ్చి ఉల్లిగడ్డ నీరు వదిలి మధ్యాహ్నానికి గుడాలను పాడుచేస్తుంది. ఉల్లిగడ్డ, నిమ్మకాయ విడిగా తెచ్చి అక్కడే కోసి కలిపాం. కోతులుంటాయి, డబ్బా మూత తెరిచి పక్కన పెట్టి ఫొటోలు దిగొద్దు.

సాయంత్రం ఐదు దాటాక హన్మకొండ చేరి, వేయిస్తంభాల గుడిలో కాసేపు ఆగాం. అది 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుడుల ఆలయం. అదే రోజు రెండూ చూస్తే యాభై ఏళ్లలో కాకతీయ శిల్పి చెయ్యి ఎంత సన్నబడిందో కంటికే తెలుస్తుంది.

రాత్రి స్నేహితురాలి ఇంట్లో వాళ్ల అమ్మమ్మ సర్వపిండి పెట్టింది. దీన్ని ఒక్కో ఊళ్లో సర్వప్ప, గిన్నెప్ప, తపాలచెక్క అంటారు. రెండు కప్పుల బియ్యప్పిండికి పావు కప్పు నానిన శనగపప్పు, గుప్పెడు దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఒకటిన్నర చెంచా కారం, జీలకర్ర, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు, ఒక చిన్న ఉల్లిగడ్డ. ఉల్లి ఇంతకంటే పెరిగితే నీరు వదిలి పిండి చీలుతుంది. రొట్టె పిండి కంటే కాస్త మెత్తగా కలిపి, సర్వ, అంటే లోతు గిన్నె, లోపల చెంచా నూనె రాసి, అడుగునా అంచులకూ పలచగా అద్దింది. వేలితో ఐదు చిల్లులు పెట్టి ఒక్కో దాంట్లో నూనె చుక్క. మూత పెట్టి మధ్యస్థం మంట మీద నాలుగు నిమిషాలు, తర్వాత చిన్న మంట మీద ఏడెనిమిది. తిప్పేయడం లేదు. అంచులు సర్వను వదిలినప్పుడు అయినట్టే. అడుగు కరకర, పైభాగం మెత్తన, అదే దాని తీరు.

మొదటిది తీసిన సర్వలోనే మేం రెండోది అద్దబోయాం. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడి మీద అద్దితె పిండి పట్టది బిడ్డా, చెయ్యి కాలుతది. సల్లగ కానియ్యి."

వేడి సర్వకు తగలగానే పిండి పైపొర ఉడికి జారిపోతుంది. అందుకే ఈ ఇళ్లలో రెండు సర్వలు ఉంటాయి. ఒకటి పొయ్యి మీద, ఒకటి అడుగు మునిగేలా నీళ్ల తాంబాలంలో. హాస్టల్‌లో ఒకటే గిన్నె ఉంటే ఇదే పద్ధతి పనికొస్తుంది, అడుగు చల్లబడ్డాక లోపలి తడి తుడిచి మళ్లీ నూనె రాయాలి. నాలుగోది దిగేసరికి తొమ్మిదైంది, డబ్బాలో ఇంకా ఆరు సకినాలు విరగకుండా ఉన్నాయి.