గ్రిడ్ ఇంటర్వ్యూకి "ఎవరి మాట ఎవరు వినాలి" అనే చాప్టర్ నేనెలా చదివానంటే

గేట్ ఈఈ (ఎలక్ట్రికల్ పేపర్) రాసి, దేశం మొత్తం కరెంట్ గ్రిడ్ నడిపే గ్రిడ్ ఇండియాలో ఎగ్జిక్యూటివ్ ట్రైనీకి ట్రై చేస్తున్నవాళ్ళకి, ట్రాన్స్‌కో ఏఈకి (రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ కంపెనీలో అసిస్టెంట్ ఇంజనీర్ పోస్టుకి) చదువుతున్నవాళ్ళకి కూడా పనికొస్తుందని రాస్తున్నా. మాది కోనసీమ అండి, బీటెక్ కాకినాడలో, తర్వాత హైదరాబాద్ కోచింగ్ కొన్నాళ్ళు చూసి ఆ రూమ్ రెంట్లూ హాస్టల్ తిండీ మనవల్ల కాదని రాజమండ్రి వచ్చేసి ఇక్కడే చదువుకున్నా. టెక్నికల్ సబ్జెక్టుల జోలికి పోను, మెషీన్స్, పవర్ సిస్టమ్స్, కంట్రోల్ మీద ఇప్పటికే బోల్డంతమంది బోల్డంత చెప్పేశారు. నేను చెప్పేది మనోళ్ళు ఇంటర్వ్యూకి రెండ్రోజుల ముందు ట్రైన్‌లో చూసుకుందాంలే అని వదిలేసే ముక్క గురించి: గ్రిడ్ నడిపే సంస్థలో పైన ఎవరుంటారు, ఎవరు ఎవరికి ఆర్డర్ వెయ్యగలరు, ఆ అధికారం ఎక్కణ్ణించి వచ్చింది.

దీన్ని అందరూ జీకే కింద జమ కట్టేస్తారు. సీఎండీ పేరేంటి, డైరెక్టర్లు ఎవరు, హెడ్డాఫీస్ ఎక్కడ. పేర్లు తెలియాలి, కాదనను, కానీ అవి మారిపోతుంటాయి కాబట్టి ఇంటర్వ్యూ నాటికి ఎవరున్నారో అఫీషియల్ వెబ్‌సైట్‌లో చూసుకుంటే రెండు నిమిషాల పని. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవాళ్ళు తిప్పి తిప్పి అడిగేది ఇంకోటి ఉంటుంది. నీకంటూ ఒక లైన్ లేదు, జనరేటర్ లేదు, ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కూడా నీది కాదు, మరి వెయ్యి మెగావాట్ల ప్లాంట్ వాడు నువ్వు ఫోన్ చేసి తగ్గించమంటే ఎందుకు తగ్గించాలి? ఈ ఒక్కదానికి సరిగ్గా జవాబు చెప్పగలిగితే ఆ రౌండ్‌లో సగం గట్టెక్కినట్టే.

జవాబు ఎలక్ట్రిసిటీ యాక్ట్ 2003లో ఉంది. సెక్షన్ 26 నేషనల్ లోడ్ డిస్పాచ్ సెంటర్ (ఎన్‌ఎల్‌డీసీ, అంటే ఎవరు ఎంత కరెంట్ ఇవ్వాలి, ఎంత లాగాలి అని చూసే కంట్రోల్ సెంటర్), 27 రీజనల్ సెంటర్లు (ఆర్‌ఎల్‌డీసీ), 28 వాటి పనులు, 29 వాటి మాట వినాల్సిన బాధ్యత, 31 నుంచి 33 వరకు రాష్ట్రాల సెంటర్లు (ఎస్‌ఎల్‌డీసీ). అందరూ 28 బట్టీ పడతారు, అసలు చదవాల్సింది 29. ఆర్‌ఎల్‌డీసీ ఇచ్చిన డైరెక్షన్‌ని జనరేటర్ అయినా లైసెన్సీ అయినా పాటించాల్సిందే, తేడా వస్తే విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ దగ్గరికి వెళ్ళొచ్చు గానీ అక్కడ తేలేదాకా ముందు చెప్పిన పని చెయ్యాలి, చెయ్యకపోతే 15 లక్షల దాకా పెనాల్టీ. స్టేట్ సెంటర్ మాట వినకపోతే సెక్షన్ 33 కింద 5 లక్షల దాకా. ముందు పాటించు, తర్వాత గొడవపడు అనే ఆ ఒక్క లైనే గ్రిడ్ ఆపరేటర్‌కి ఉన్న ఆస్తి, ఇంకేం లేదు వాళ్ళ చేతిలో. ఇంకో చిన్న పాయింట్ కూడా పట్టుకోండి: రాష్ట్రం లోపలి లైన్లకీ ప్లాంట్లకీ ఆర్‌ఎల్‌డీసీ డైరెక్ట్‌గా చెప్పదు, ఎస్‌ఎల్‌డీసీ ద్వారానే చెప్పాలి. అంటే బెంగళూరులో ఉన్న సదరన్ రీజనల్ సెంటర్ వాళ్ళు మన బొమ్మూరు సబ్‌స్టేషన్‌కి ఫోన్ కొట్టి ఫలానా ఫీడర్ తీసెయ్ అనరు, విజయవాడ ఎస్‌ఎల్‌డీసీకి చెప్తారు, అక్కణ్ణించి కిందికి వస్తుంది.

ఇది నాకు పుస్తకంలో కంటే మా మావయ్య రొయ్యల చెరువు గట్టు మీద బాగా ఎక్కింది. భీమవరం అవతల చెరువులు ఆయనవి. ఎండాకాలం ఓ రాత్రి అక్కడే పడుకున్నా, తెల్లారగట్ల మూడు దాటాక నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, కుర్రాడు పరిగెత్తి జనరేటర్ స్టార్ట్ చేసేలోపే మావయ్య సబ్‌స్టేషన్‌కి ఫోన్ కొట్టేశాడు. అవతల ఆపరేటర్ నింపాదిగా "ఎల్డీ నుంచి ఈఎల్‌ఆర్ వచ్చిందండీ, మా చేతుల్లో లేదు" అన్నాడు. ఈఎల్‌ఆర్ అంటే ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్, అర్జెంటుగా లోడ్ కోసెయ్యడం, ఎల్డీ అంటే లోడ్ డిస్పాచ్, ఈ మాట ఇక్కడ రైతులందరికీ తెలుసు, ఇంజనీరింగ్ చదివిన మనకే తెలీదు. మావయ్య తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ, ఆ ఆపరేటర్ చెప్పిన ఒక్క ముక్క పట్టుకుని పైకి వెళ్తూ చదివా: ఆపరేటర్‌కి చెప్పింది ఎవరు, డిస్కం (ఇళ్ళకీ చెరువులకీ కరెంట్ పంచే కంపెనీ), మనకైతే విశాఖ హెడ్డాఫీసుగా ఉన్న ఈపీడీసీఎల్, దానికి చెప్పింది ఎస్‌ఎల్‌డీసీ, రాష్ట్రం షెడ్యూల్‌ కంటే ఎక్కువ లాగేస్తోందని దానికి చెప్పేది బెంగళూరు సదరన్ సెంటర్ ఎస్‌ఆర్‌ఎల్‌డీసీ, దానిపైన ఢిల్లీలో ఎన్‌ఎల్‌డీసీ. కింద నుంచి పైకి చదివితే ఇంక మర్చిపోవడం అంటూ ఉండదు.

ఆ చెరువు ఇంటర్వ్యూలో కూడా పనికొచ్చింది. మీ ఏరియా లోడ్ కర్వ్ ఎలా ఉంటుంది అని అడిగారు. డెల్టాలో వరికి కాలవ నీళ్ళే కాబట్టి రాయలసీమలో ఉన్నంత పంపుసెట్ లోడ్ మాకుండదు, మా దగ్గర బరువంతా ఆక్వా, చీకటి పడ్డాక నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతూ తెల్లారగట్లకి మరీ తగ్గిపోతుంది కాబట్టి ఏరేటర్లు రాత్రంతా తిరగాలి, సరిగ్గా సోలార్ లేని టైమ్‌లో మా లోడ్ ఉంటుంది అని చెప్పా. అక్కణ్ణించి ప్రశ్నలన్నీ అటే వెళ్ళాయి. మీ గోదావరి జిల్లాల్లో గ్యాస్ ఉంది, వేమగిరి, జేగురుపాడు, సామర్లకోటలో గ్యాస్ ప్లాంట్లు ఉన్నాయి, మరి సోలార్ తగ్గాక అవి అందుకోవచ్చుగా అన్నారు. కృష్ణా గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 గ్యాస్ 2009లో మొదలై ఆ తర్వాత పడిపోవడం, ఉన్న దేశీయ గ్యాస్‌లో ఎరువులకీ సిటీ గ్యాస్‌కీ ముందు ఇవ్వడం, దిగుమతి గ్యాస్‌తో నడిపితే యూనిట్ రేటు మెరిట్ ఆర్డర్‌లో (చవక కరెంట్ ముందు తీసుకునే వరసలో) నిలబడకపోవడం, ఇవి చెప్పా. మీ ఊరి చుట్టుపక్కల ఏ సబ్‌స్టేషన్ ఎన్ని కేవీ, ఏ ప్లాంట్ నడుస్తోంది ఏది పడుకుంది అనేది తెలుసుకుని వెళ్ళండి, హైదరాబాద్ మెటీరియల్‌లో అది దొరకదు.

ఇక సంస్థ చరిత్ర. తేదీలు వరసగా పెట్టుకుంటే సరిపోదు, ప్రతి తేదీ వెనక ఆపరేటర్‌ని ఎవరో ఒకరి నుంచి విడదీయాలన్న వాదన ఉంది, దాన్ని పట్టుకోండి. ముందు రీజనల్ సెంటర్లు కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌మిషన్ కంపెనీ పవర్‌గ్రిడ్ కిందే ఉండేవి. లైన్లు కట్టేవాడే ఆ లైన్లమీద ఎవరికి ఎంత అని తేలిస్తే ఎలా అనేది గొడవ. 2008లో గిరీష్ ప్రధాన్ కమిటీ లోడ్ డిస్పాచ్ సెంటర్లకి విడిగా మనుషులు, విడిగా డబ్బులు, ఆపరేటర్లకి సర్టిఫికేషన్ ఉండాలంది. 2009 మార్చిలో పవర్‌గ్రిడ్ సబ్సిడరీగా పోసోకో (పవర్ సిస్టమ్ ఆపరేషన్ కార్పొరేషన్) పుట్టింది, దానికి మొదటి సీఈఓ ఎస్.కె. సూనీ గారు, 2010 అక్టోబర్ నుంచి పని మొదలు. 2017 జనవరిలో పవర్‌గ్రిడ్ నుంచి పూర్తిగా బయటికొచ్చి విడి ప్రభుత్వ కంపెనీ అయింది, 2022 నవంబర్‌లో పేరు గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియా, అదే గ్రిడ్ ఇండియా, అయింది. లైన్ల ప్లానింగ్ చూసే సీటీయూ (సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీ) కూడా 2021 ఏప్రిల్ నుంచి వేరే కంపెనీ, అది మాత్రం ఇంకా పవర్‌గ్రిడ్ సబ్సిడరీయే. మన రాష్ట్రంలో 1999లో ఏపీఎస్‌ఈబీ జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడిపోయింది గానీ ఎస్‌ఎల్‌డీసీ ఇప్పటికీ ట్రాన్స్‌కోలోనే ఉంది. ట్రాన్స్‌కో ఏఈకి వెళ్ళేవాళ్ళు దీనిమీద ఒక అభిప్రాయం తయారు చేసుకోండి. నా మటుకు నాకు విడదీయడమే కరెక్టనిపిస్తుంది, కానీ విడదీసి అందులో పనిచేసేవాళ్ళని మళ్ళీ డెప్యుటేషన్ మీద అక్కణ్ణించే తెచ్చుకుంటే పేరు మారడం తప్ప ఒరిగేదేం లేదని కూడా అనిపిస్తుంది, బోర్డులో రెండూ చెప్పా, ఎవరూ కొట్టలేదు.

2012 జులై 30, 31 బ్లాకౌట్లు తప్పకుండా చదవండి, లీడర్‌షిప్ కోణంలో చదవండి. ఎక్కువమంది బీనా–గ్వాలియర్–ఆగ్రా లైన్, దాన్ని ట్రిప్ చేసిన జోన్ 3 రిలే అని చెప్పి ఆపేస్తారు. అది సాంకేతిక కారణం, దాని ముందున్నది నార్తర్న్ రాష్ట్రాలు షెడ్యూల్ దాటి లాగుతుంటే తగ్గించండని లోడ్ డిస్పాచ్ సెంటర్ చెప్పినా లోడ్ తగ్గకపోవడం. మా డెల్టాలో వంతులవారీ నీళ్ళు పెట్టినప్పుడు పై ఊరివాడు రాత్రికిరాత్రి తూము ఎత్తేస్తే శివారు చేలు ఎండిపోతాయి చూడండి, అదే గోల, కాకపోతే గ్రిడ్‌లో పై ఊరివాడి చేను కూడా ఎండిపోతుంది. మొదటి రోజు నార్తర్న్ రీజియన్, రెండో రోజు దానితోపాటు ఈస్టర్న్, నార్త్ ఈస్టర్న్ కూడా పడిపోయాయి. మన సౌత్ ఎందుకు బతికిందంటే అప్పటికి మనం మిగతా దేశంతో సింక్రనస్‌గా (ఒకే ఫ్రీక్వెన్సీ మీద) కలవలేదు, గాజువాక, భద్రావతి బ్యాక్ టు బ్యాక్‌లు, తాల్చేర్–కోలార్ హెచ్‌వీడీసీ, అంటే డీసీ లింకుల ద్వారానే కరెంట్ వచ్చేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో కలిశాం. కాబట్టి అప్పుడు తప్పించుకున్నాం కదా ఇప్పుడూ తప్పించుకుంటామా అని అడుగుతారు, జాగ్రత్త.

ఇక పైవాళ్ళు చేసే పనేంటి అనేది. కుర్చీల లిస్ట్ చిన్నదే: సీఎండీ, కింద సిస్టమ్ ఆపరేషన్, మార్కెట్ ఆపరేషన్, ఫైనాన్స్, హెచ్‌ఆర్ డైరెక్టర్లు, ఒక్కో రీజనల్ సెంటర్‌కి ఒక హెడ్, దాని కింద డిపార్ట్‌మెంట్లు, కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్. నేను దీన్ని టైమ్‌ని బట్టి పెట్టుకున్నా. 50 దగ్గర ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ 49.4 హెర్ట్జ్‌కి పడితే ఎవర్నీ అడిగేదేం ఉండదు, అండర్ ఫ్రీక్వెన్సీ రిలే కోసేస్తుంది. నిమిషాల్లో తేలాల్సింది షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ది, అక్కడ సీఎండీ ఇంట్లో నిద్రపోతున్నా పని ఆగకూడదు. రేపటి షెడ్యూల్, ఔటేజ్‌లు సెంటర్ హెడ్ పరిధి. నెలలవారీవి రీజనల్ పవర్ కమిటీ కింద ఓసీసీ (ఆపరేషన్ కోఆర్డినేషన్ కమిటీ) మీటింగుల్లో రాష్ట్రాలతో కూర్చుని తేల్చుకోవాలి. గ్రిడ్ కోడ్ మార్పులూ చార్జీలూ కేంద్ర విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్, సీఈఆర్‌సీ. సీఎండీ పని ఎక్కువభాగం ఆ చివర ఉంటుంది, కమిషన్ ముందు, మినిస్ట్రీ ముందు, రాష్ట్రాల ముందు తన షిఫ్ట్ ఇంజనీర్ వేసిన ఆర్డర్‌కి అండగా నిలబడటం.

దీనికి మంచి ఉదాహరణ 2020 ఏప్రిల్ 5, రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు లైట్లాపిన రోజు. కరోనా లాక్‌డౌన్‌లో మూడో తారీఖు పొద్దున ప్రధాని ప్రకటన వచ్చింది, చేతిలో ఉన్నది ఆ కాస్త టైమే. అప్పుడు పోసోకో సీఎండీ కె.వి.ఎస్. బాబా గారు. 12 వేల మెగావాట్ల పైచిలుకు తగ్గుతుందని అంచనా వేసుకుంటే నిజంగా తగ్గింది 31 వేల దాకా. హైడ్రోని ముందే ఎత్తి నడిపి పెట్టుకోవడం, తొమ్మిది దగ్గర దించడం, మళ్ళీ ఎత్తడం, ఇదంతా ముందే రాష్ట్రాలతో మాట్లాడి కాగితం మీద పెట్టుకున్నది. ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 మధ్యే తిరిగింది. పోసోకో దీనిమీద రిపోర్టే విడుదల చేసింది, మొత్తం చదవండి, అంచనా అంత తేలిపోయినా ప్లాన్ ఎందుకు నిలబడిందో గ్రాఫుల్లో కనిపిస్తుంది.

సిచ్యుయేషన్ ప్రశ్న ఒకటి నాకు పడింది. నువ్వు షిఫ్ట్‌లో ఉన్నావు, ఫ్రీక్వెన్సీ 49.8 దగ్గర ఉంది, ఒక రాష్ట్రం బాగా ఎక్కువ లాగుతోంది, తగ్గించమంటే ఆ రాష్ట్రం నుంచి పెద్దాయన ఫోన్ చేసి పండగ పూట కోతలు పెట్టలేం అన్నాడు, ఏం చేస్తావు? ఇక్కడ మనోళ్ళు రెండు రకాలు. ఒకళ్ళు వెంటనే బ్రేకర్ ఓపెన్ చేయిస్తా అంటారు, ఇంకొకళ్ళు పై అధికారిని అడుగుతా అంటారు. నేను చెప్పింది: ముందు రిజర్వ్‌లు ఏమున్నాయో చూసి ఎన్‌ఎల్‌డీసీతో మాట్లాడతా, ఇచ్చిన మెసేజ్‌లన్నీ టైమ్‌తో లాగ్‌లో ఉంటాయి, ఆయనతో మర్యాదగానే మాట్లాడతా గానీ డైరెక్షన్ మాత్రం ఎస్‌ఎల్‌డీసీకి కోడ్ నంబర్‌తో రాతపూర్వకంగా వెళ్తుంది, మా హెడ్‌కి తెలియజేస్తా కానీ పర్మిషన్ కోసం ఆగను. "తెలియజేస్తావా, పర్మిషన్ అడుగుతావా, మళ్ళీ చెప్పు" అన్నారు ఒక సారు. తెలియజేస్తానండి అన్నా. ఆయన ఇంకేం అడగలేదు.

చదవాల్సినవి పెద్దగా లేవు. యాక్ట్‌లో పైన చెప్పిన సెక్షన్లు, 2023 గ్రిడ్ కోడ్‌లో ఆపరేటింగ్ చాప్టర్ (49.90–50.05 బ్యాండ్, రిజర్వ్‌లు, షెడ్యూలింగ్‌లో రోజుకి 96 పావుగంట బ్లాకులు), డీవియేషన్ సెటిల్‌మెంట్ రూల్స్ (షెడ్యూల్ తప్పితే కట్టే లెక్కలు) తాజావి, 2012 ఎంక్వైరీ రిపోర్ట్. రోజూ ఎన్‌ఎల్‌డీసీ పెట్టే పీఎస్‌పీ (పవర్ సప్లై పొజిషన్) రిపోర్ట్ పది నిమిషాలు చూడండి, మన రాష్ట్రం వరసలో నిన్న ఎంత పీక్, ఎంత ఓవర్‌డ్రాయల్ అని. 2022 ఏప్రిల్‌లో మన దగ్గర ఇండస్ట్రీకి పవర్ హాలిడే పెట్టారు గుర్తుందా, ఆ నెల పాత రిపోర్టులు తీసి చూడండి, మార్కెట్‌లో కొనుక్కోవడానికి కూడా కరెంట్ దొరకని రోజులు ఎలా ఉంటాయో తెలుస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లీష్ గురించి కంగారు పడకండి, డైరెక్షన్ మెసేజ్ ఎలా ఉంటుందో చూసి అలాంటి పొట్టి వాక్యాలు రోజూ గట్టిగా చదివి అలవాటు చేసుకుంటే చాలు, కంట్రోల్ రూమ్‌లో కూడా అంతకంటే పెద్ద వాక్యాలు ఎవరూ మాట్లాడరు.