ఇసుక తొట్టి, రాతి తొట్టి: భూగర్భజలం పాఠం చెప్పిన నా అనుభవం

బోరు గురించి మా పిల్లలకు నేను కొత్తగా చెప్పాల్సింది తక్కువ. నేను పనిచేసేది అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలలో. ఇక్కడ ఎనిమిదో తరగతి పిల్లవాడికి కేసింగ్, అంటే బోరు పైభాగంలో మట్టి కూలకుండా పెట్టే పైపు, ఎంతవరకు దించుతారో తెలుసు, ‘రెండించుల నీళ్ళు’ అంటే ఎన్నో తెలుసు, రిగ్గు బండికి అడుగుకు ఎంత ఇవ్వాలో కూడా తెలుసు. తెలియనిదల్లా ఆ నీళ్ళు కింద ఎట్లా ఉంటాయన్నదే. అడిగితే ఎక్కువమంది ‘కింద గంగ పారుతుంటాది సార్’ అన్నారు. ఇంట్లో పెద్దలు అనేది అదే. పుస్తకంలో నేల కింద గీసిన నీలం పట్టీ చూసినా అట్లాగే అనిపిస్తుంది. ఈ ఊహ ఉన్నంతకాలం పక్క బోరు ఎందుకు ఎండిందో పిల్లలకు అర్థం కాదు. కింద గంగ ఉన్నప్పుడు ఇంకో వంద అడుగులు పోతే తగలకపోతుందా అనే ఆశతోనే కదా మా చీనీ (బత్తాయి) తోటల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటింది!

అందుకే ఈ పాఠాన్ని బోర్డు మీద కాకుండా పిల్లల చేతులతోనే చేయించాలనుకున్నాను.

మొదట డబ్బాలు. లీటరు నీళ్ళ సీసాల మెడ కోసి ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో కడిగిన ఏటి ఇసుక, ఒకదాంట్లో ఎండబెట్టి నలగ్గొట్టిన బంకమన్ను నింపాం. కొలపాత్రతో నీళ్ళు పోస్తూ పైకి తేలగానే ఆపి, ఎన్ని పట్టాయో రాసుకున్నారు. నిండుగా ఉన్న కంకర డబ్బా దాదాపు 400 మిల్లీలీటర్లు తాగేసరికి పిల్లలు నమ్మలేకపోయారు. తర్వాత అడుగున మేకుతో చిల్లులు పెట్టి, కారిన నీటిని కొలిచాం. కంకర పట్టినవన్నీ దాదాపుగా వదిలేసింది. ఇసుక కొన్ని తనలోనే ఉంచుకుంది. బంకమన్ను మెల్లగా బాగానే తాగింది కానీ చుక్కలు చుక్కలుగా తప్ప ఇవ్వలేదు. ఇక రాయి: ఒక గ్రానైటు ముక్కను కిరాణా కొట్టు తక్కెడలో తూచి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తుడిచి మళ్ళీ తూచారు. తేడా లేదనే చెప్పాలి. నీళ్ళు పట్టుకోవడం వేరు, మనం తోడుకోవడానికి ఇవ్వడం వేరు అని నేను నోటితో చెప్పాల్సిన అవసరమే రాలేదు. నల్లరేగడి చేను ఉన్న ఇంటి పిల్లలైతే వానాకాలంలో తమ చేను ఎందుకు బురదగా నిలిచిపోతుందో వాళ్ళే చెప్పారు. నా మటుకు నాకు మొత్తం పాఠంలో ఈ డబ్బాల గంటే ముఖ్యం. దీన్ని తొందరగా ముగించకూడదు.

తర్వాత ఇసుక తొట్టి. పాత చేపల తొట్టి ఒకటి దొరికింది. అడుగున కంకర, పైన ఏటవాలుగా ఇసుక, పల్లంలో చిన్న గుంత, అదే చెరువు. మల్లుగుడ్డ చుట్టిన స్ట్రాలు అక్కడక్కడా గుచ్చితే అవి బావులు, చేతులు కడుక్కునే సబ్బు సీసా పంపు పెడితే అది బోరు. చిల్లుల డబ్బాతో వాన కురిపిస్తే అన్ని స్ట్రాలలోనూ నీళ్ళు పైకి వచ్చాయి. పంపు కొట్టడం మొదలుపెట్టగానే దగ్గరి స్ట్రాలో మట్టం ముందు దిగింది, దూరపువాటిలో తర్వాత దిగింది. కాసేపటికి చెరువూ తగ్గింది. ‘చెరువుకు మోటారు పెట్టలేదు కదా సార్, అదెందుకు దిగింది?’ అని ఒక అమ్మాయి అడిగింది. ఈ ప్రశ్న కోసమే తొట్టి చేసేది. ఇది చేయాలనుకునే టీచర్లు ఇసుకను నాలుగైదు నీళ్ళు కడగాలి, లేకపోతే బురద తప్ప ఏమీ కనబడదు. పైన ఇసుక బదులు కంకర వేస్తే మట్టాలన్నీ ఒక్కసారే సమానమైపోయి, తోడేటప్పుడు బోరు చుట్టూ నీటి మట్టంలో పడే గుంట కనబడదు.

ఇక్కడిదాకా బాగుంది. అప్పుడు వెనక బెంచీ అబ్బాయి లేచి అడిగాడు: ‘దీంట్లో యాడ గుచ్చినా నీళ్ళొస్తాయి సార్. మా నాయన చీనీ తోటలో బోర్లేయిస్తే ఒక్కటే పడింది. గట్టు అవతల పక్కాయనకు తక్కువ లోతులోనే మూడించులు పడినాయి. ఎందుకు?’

వాడి ప్రశ్న న్యాయమైనది. ఇసుక తొట్టి అబద్ధం కాదు, మా హగరి ఏటి ఒడ్డున అది నిజమే. ఏటి ఇసుకలో చెలమ ఎక్కడ తవ్వినా నీళ్ళు ఊరుతాయి. కానీ మా చేల కింద ఉన్నది ఇసుక కాదు. పైన కాస్త ఎర్రమట్టి, దాని కింద మొరం, అంటే రాయి మెత్తబడి చివికిపోయిన పొర, దాని కింద గట్టి రాయి. ఆ రాతిలో నీళ్ళుండేది పగుళ్ళలోనే. ఈ నేలకు వేరే తొట్టి కావాలి.

రాతి తొట్టి చేయడానికి చాలా తంటాలు పడ్డాం. పాలిష్ బండలు కోసేచోట పారేసిన ముక్కలు తెచ్చి, మధ్య సన్నటి సందులు వదిలి నిలువుగా పేర్చాం. రాతికీ అద్దానికీ మధ్య నీళ్ళు జారిపోకుండా బంకమన్నుతో గట్టిగా పూడ్చాలి. ఇది సరిగా లేకపోతే తొట్టి తప్పు చెబుతుంది. ఒక మూలన రంగు పూసిన సిమెంటు దిమ్మె పెట్టాం. దాన్ని పోసేటప్పుడే నూనె రాసిన పుల్ల గుచ్చి తర్వాత లాగేయడంతో అడుగుదాకా రంధ్రం వచ్చింది. అది మా వెయ్యి అడుగుల బోరు. దానికి పైన కేసింగ్‌గా చిన్న పైపు. రాళ్ళ మీద మొరం, ఆపైన మట్టి.

మొరం పూర్తిగా తడిసి నీళ్ళు నిలిచినప్పుడు ఎక్కడ గుచ్చినా ఎన్నో కొన్ని నీళ్ళొచ్చాయి. దిమ్మె బోరు మాత్రం ఎండిపోయే ఉంది: మొరంలోని నీళ్ళను కేసింగ్ ఆపేసింది, కింద పగులు లేదు. తర్వాత సెలైన్ పైపు తగిలించిన పెద్ద సిరంజితో తోడుతూ పోయాం. మట్టం మొరంలో ఉన్నంతసేపు పది సిరంజిలు తోడితే వేలు మందం దిగింది. మట్టం రాతిలోకి జారాక అవే పది సిరంజిలకు జానెడు దిగిపోయింది. ఒక పగులులో తోడితే దానితో కలిసిన పగులులోని స్ట్రా కూడా ఎండింది, పక్కనే ఉన్నా కలవని పగులు కదల్లేదు. లోతు బోరు నాలుగు వారాలు పోసి ఎందుకు ఆగిపోతుందో, తాతల కాలంలో ఎద్దులతో తోడే కపిల బావుల్లో నీళ్ళు ఎందుకు నిలిచాయో పిల్లలు కళ్ళారా చూశారు.

ఒక అమ్మాయి ఒప్పుకోలేదు. ‘టూరులో బేలం గుహల్లో పాతాళగంగ చూసినాం కదా సార్. కింద నీళ్ళు పారుతుంటే చూసినాం.’ చూసింది నిజమే. ఆ గుహలున్న కొలిమిగుండ్ల వైపు ఉన్నది సున్నపురాయి. నీటికి కరుగుతుంది, గుహలు పడతాయి, వాటిలో వాగులు పారతాయి. మన గ్రానైటు అట్లా కరగదు. ఆ అమ్మాయి పట్టుబట్టడం వల్లే, ఏ రాయి ఉన్న ఊరికి ఆ తొట్టి చేసుకోవాలన్న సంగతి తరగతికి బాగా పట్టింది.

పిల్లలకు బాగా నచ్చింది ‘పాయింటు’ ఆట. రాళ్ళు కనబడకుండా మట్టి కప్పి, జట్టుకు మూడు స్ట్రాలిచ్చి పాయింటు, అంటే బోరు వేయాల్సిన చోటు, పెట్టమన్నాం. నీళ్ళున్న చోట అరచేతిలో టెంకాయ నిలబడుతుందా లేదా అన్న వాదనలోకి నేను పోలేదు, అది వాళ్ళ ఇళ్ళలోని నమ్మకం. నీళ్ళు మొరందాకా నిండి ఉన్నప్పుడు ఆడితే అందరూ గెలిచారు. మట్టం రాతిలోకి దిగాక ఆడితే ఎక్కువ జట్లు ఓడాయి. ‘అంటే బాగా వానలు పడిన ఏడు పాయింటు ఎవరు పెట్టినా పడతాయి కదా సార్’ అన్నాడు చీనీ తోట బోర్ల ప్రశ్న వేసిన వెనక బెంచీ అబ్బాయే.

లెక్కల టీచరు మేడం ఒక పీరియడు ఇచ్చారు. మా జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. ఎకరా అంటే 4047 చదరపు మీటర్లు, కాబట్టి ఎకరాకు 22 లక్షల లీటర్లకు పైగానే పడుతుంది. భూగర్భజల అంచనాల కోసం 1997లో కేంద్ర కమిటీ ఇచ్చిన పద్ధతిలో, బంక తక్కువ ఉన్న చివికిన గ్రానైటు నేలలో వానలో 11 శాతం లోపలికి దిగుతుందని లెక్క. అంటే ఎకరాకు సుమారు 2 లక్షల 45 వేల లీటర్లు. ఒక పంట వరికి 1200 మిల్లీమీటర్ల నీళ్ళనుకుంటే 48 లక్షల లీటర్లు దాటుతుంది. ఇరవై ఎకరాల్లో ఇంకిన నీళ్ళు ఒక్క ఎకరా వరికి! బోర్డు మీద ఆ భాగహారం చేసిన పిల్ల రెండుసార్లు సరిచూసుకుంది.

బయట కొలతలు కూడా పెట్టుకున్నాం. టేపు చివర చిన్న ఇనుప గిన్నె బోర్లా కట్టి దించితే నీటిని తాకగానే ‘టప్’మంటుంది, అక్కడ అంకె చూసుకోవడమే. 2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు జిల్లాల రైతులే ఏపీఫామ్స్ పథకంలో వాన, బోరు మట్టాలు కొలిచి, ఊరి నీటి బడ్జెట్ వేసుకుని పంటలు నిర్ణయించుకున్నారు. వాళ్ళు చేసినదాన్ని పిల్లలూ చేయగలరు. కానీ టేపు దించేది నేనే. పిల్లలు దూరంగా కూర్చుని శబ్దం విని రాస్తారు. మూతలేని ఫెయిల్ బోర్లు పసిపిల్లల ప్రాణాలు తీస్తున్నాయని 2010లో సుప్రీంకోర్టు వాటిని పూడ్చి మూయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మా కొలతల దారిలో కనబడిన తెరిచిన బోర్లన్నిటికీ పంచాయతీ చేత మూతలు వేయించిన తర్వాతే కొలతలు మొదలుపెట్టాం.

తల్లిదండ్రుల సమావేశంలో రాతి తొట్టిని పిల్లలే చూపించారు. రైతులు సూటిగా అడిగారు: ‘అయితే మా చేలో పగులు యాడుందో చెప్పు సార్.’ అది తొట్టి చెప్పలేదన్నాను. భూగర్భజల శాఖవాళ్ళు యంత్రాలతో సర్వే చేస్తారు, మొరం ఎంత లోతుందో, రాయి ఎక్కడ చివికిందో అంచనా ఇస్తారు, అదీ హామీ కాదన్నాను. మా జిల్లాలోనే కొన్ని ఊళ్ళలో రైతులు ఉన్న బోర్లను పైపులతో కలుపుకుని, కొత్తవి వేయబోమని రాసుకుని నీళ్ళు పంచుకున్నారని చెప్పినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ‘నీళ్ళున్నాయన ఎందుకిస్తాడు?’ అన్నారు.

మీటింగయ్యాక ఇద్దరు రైతులు ఆగి, తొట్టిలో అది చేసి చూపమన్నారు. పిల్లలు నీళ్ళున్న పగులు నుంచి ఎండిన స్ట్రా ఉన్న మడికి సన్న పైపు వేశారు. కొత్త స్ట్రా గుచ్చి అదే పగులులోంచి ఇద్దరూ పోటీపడి తోడితే ఎంతసేపట్లో అడుగంటిందో, ఒకే స్ట్రాతో వంతులవారీగా తోడి, మధ్యలో వాన కురిపిస్తే ఎంతసేపు నిలిచిందో పక్కపక్కన చేసి చూపారు. ఆ ఇద్దరి తోటలు ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్నాయి. పైపు ఖర్చు ఎవరు పెట్టాలి, వంతు ఎట్లా అన్న దగ్గర ఇంకా తెగలేదు. ఈ వేసవిలో మాత్రం ఇద్దరూ రిగ్గును పిలవలేదు.